ఇంట్లో రాయడం కుదరట్లేదు, కూర్చుని రాసుకునే చోటు ఏదైనా చెప్పండి

సగం_నవల | జూన్ 16, మధ్యాహ్నం 2.40

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, కూకట్‌పల్లి వైపు. రెండు పడగ్గదుల ఫ్లాటు. నవల మొదలుపెట్టి రెండేళ్ళయింది. తొమ్మిది అధ్యాయాలయ్యాయి. పదో అధ్యాయంలో ఆర్నెల్లుగా ఒక పెళ్ళి జరుగుతూనే ఉంది, పంతులుగారు ఇంకా జీలకర్ర బెల్లం దాకా రాలేదు.

పిల్లలు బడికి వెళ్ళాక 9.30 నుంచి 3 దాకా టైమ్ నాదే అని లెక్క. కానీ మావారిది ఇంటి నుంచే పని, ఒక గది ఆయనది. రెండోది అత్తగారిది. హాల్లో నేనూ టీవీ. నిన్నటి సంగతే చెప్తాను. ఒక వాక్యం మొదలుపెట్టాను, గ్యాసు బండ వచ్చింది. మళ్ళీ కూర్చున్నాను, పక్క ఫ్లాటు వాళ్ళ కొరియర్ మా తలుపు కొట్టి ఇచ్చిపోయాడు. తర్వాత ఆయన గది గుమ్మంలోంచి చెయ్యి బొటనవేలు పైకెత్తి గాల్లో ఊపారు. అంటే టీ అని. మైకు ఆన్‌లో ఉందిట, నోటితో అడక్కూడదుట. ఆ వాక్యం సాయంత్రం దాకా క్రియ లేకుండానే ఉండిపోయింది.

నాకు కావాల్సినవి: కుర్చీ, బల్ల, ఫ్యాను, శుభ్రమైన బాత్రూమ్. ఆడదాన్ని ఒక్కదాన్నే నాలుగ్గంటలు కూర్చుంటే ఎవరూ వింతగా చూడకూడదు. నెలకు రెండు వేలు దాటితే నా వల్ల కాదు. దసరా లోపు పూర్తి చేయాలని పట్టు.

చిక్కడపల్లి_సీనియర్ | జూన్ 16, 3.05

అక్కా, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పో. గ్రూప్స్ కోసం మూడేండ్లు అండ్లనే కూసున్న. పైసా అక్కర్లే. కని పొద్దుగాల్నే పోవాలె, లేటయితే సీటు దొరకది. పుస్తకం వెట్టి సీటు ఆపుకుంటరు, దానిమీద లొల్లి గూడ అయితది. మెట్రోల చిక్కడపల్లి స్టేషన్ కాడ దిగి నడువొచ్చు. బయట చాయ్ బండ్లు మస్తు.

పాతపుస్తకం | జూన్ 16, 4.30

అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ కూడా చూడండి. 1891లో ఆసఫియా పేరుతో మొదలైంది, మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1936లో వచ్చింది. ఎత్తైన పైకప్పు, మందపాటి గోడలు. నేను అక్కడ రాయను, రాయడానికి ముందు వెళ్తాను. పాత పత్రికలు తిరగేస్తే 1940ల్లో ఊళ్ళో చీర ఎంతో, సబ్బు ప్రకటన ఏ భాషలో మాట్లాడేదో తెలుస్తుంది. ఆ రోజు రాత్రి ఇంటికెళ్ళి ఎంత గోలలోనైనా రాయగలను.

కోఠి వైపు పని పడితే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది, 1901 నాటిది. నిజాం రోజుల్లో తెలుగు చదువరులు చేరిన చోటు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం కూడా నాకిష్టం. 2000 ఆగస్టు వరదల్లో ఆ గ్రంథాలయంలోకి నీళ్ళొచ్చి చాలా పుస్తకాలు తడిసిపోయాయి, ముఖ్యంగా ఉర్దూవి. ఆ కాగితాలను మళ్ళీ దక్కించుకోవడానికి వాళ్ళు పడిన కష్టం తెలిశాక అక్కడ కూర్చుని ఫోను చూడాలంటే నాకే సిగ్గేస్తుంది.

రిటైర్డ్_గుమాస్తా | జూన్ 16, 6.10

అమ్మా, చోటు కాదు ముఖ్యం, మనసు. నేను ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నలుగురు పిల్లల మధ్య, ఒకే గదిలో, ట్రంకు పెట్టె మీద కాగితం పెట్టుకుని నూట పన్నెండు కథలు రాశాను. ఏకాగ్రత ఉంటే బస్టాండులో కూడా రాయవచ్చు.

వంటింటి_కిటికీ | జూన్ 16, 6.25

గుమాస్తా గారూ, నమస్కారం. మీరు ట్రంకు పెట్టె మీద రాస్తున్నప్పుడు ఆ నలుగురు పిల్లల ముక్కులు ఎవరు తుడిచారండీ?

రిటైర్డ్_గుమాస్తా | జూన్ 16, 9.50

రాత్రి భోజనాల దగ్గర మీ ప్రశ్న మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. "నాన్నగారు రాసుకుంటున్నారు, అటు వెళ్ళకండి" అని రోజుకు ఎన్నిసార్లు అరిచేదో ఇప్పుడు చెప్తోంది. నాకు వినబడినట్టు గుర్తులేదు. పైన రాసింది వెనక్కి తీసుకుంటున్నాను.

పంపుసెట్టు | జూన్ 17, ఉదయం 7.15

మాది తణుకు దగ్గర పల్లె. నేను రాసేది చేలో మోటారు షెడ్డులో. ఎనిమిదడుగుల గది, నులకమంచం, గోడకు స్టార్టర్ డబ్బా. మోటారు ఆడుతుంటే ఫోను మోగినా వినబడదు, పిలిచినా వినబడదు. అదే దాని సుఖం. కరెంటు పోయిందంటే ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం అయిపోయి కలం ఆగిపోతుంది, చిత్రం. లోపలికి వెళ్ళే ముందు చెప్పుతో గడప మీద నాలుగు దెబ్బలు కొట్టాలి, చల్లదనానికి పాములు చేరతాయి. హైదరాబాదు వాళ్ళకు పనికిరాదని తెలుసు, ఊరికే చెప్పాలనిపించింది.

కారులో_కవి | జూన్ 17, 8.40

డాలస్ నుంచి. మాకు ఇక్కడ పబ్లిక్ లైబ్రరీల్లో చిన్న గదులుంటాయి, ముందుగా పేరు రాయించుకుంటే రెండు గంటలు ఉచితం. మొదట్లో అక్కడే రాసేవాణ్ణి. గాజు తలుపు అవతల తర్వాతి బుకింగ్ వాళ్ళు నిలబడి గడియారం చూసుకుంటుంటే ఉపమానం ఎలా వస్తుంది?

ఇప్పుడు నా స్టడీ రూమ్ నా కారే. శనివారం పొద్దున పాపకు కూచిపూడి క్లాసు. గంటన్నర. పార్కింగ్‌లో చెట్టు నీడన కారు పెట్టి వెనక సీట్లోకి మారతాను. ముందు సీట్లో కూర్చుంటే ఇంటికి వెళ్ళిపోవాలనిపిస్తుంది, ఎందుకో తెలియదు. అట్టపెట్టె మూత ఒళ్ళో పెట్టుకుంటే అదే బల్ల. లోపల్నుంచి టీచరుగారి తట్టుకర్ర చప్పుడు సన్నగా వినిపిస్తుంటుంది. ఈ మూడేళ్ళలో నేను రాసిన పద్యాలన్నీ ఆదితాళంలోనే నడుస్తున్నాయని మా మిత్రుడొకాయన కనిపెట్టాడు. ఆగస్టులో మాత్రం కష్టం, కారు పొయ్యి అయిపోతుంది.

సినీ_చాదస్తం | జూన్ 17, 11.00

మద్రాసు రోజుల్లో నిర్మాతలు రచయితకు హోటల్లో గది తీసిచ్చేవారు, భోజనం, కాఫీ, కాగితాలు అన్నీ పంపేవారు. అంత చేసినా ఆత్రేయ గారి గురించి ఒక మాట ఉండిపోయింది కదా, రాసి ప్రేక్షకుల్నీ రాయక నిర్మాతల్నీ ఏడిపిస్తారని. మంచి గది దొరికితే మంచి నిద్ర కూడా పడుతుంది.

మల్లాది రామకృష్ణశాస్త్రి గారైతే టి.నగర్ పానగల్ పార్కులో చెట్టు కింద కూర్చునేవారు. చుట్టూ జనం, కబుర్లు. రాసుకునే చోటని వెతుకుతాం గానీ మాట్లాడుకునే చోటు కూడా ఉండాలండీ. నాకు అదే లేదు ఇప్పుడు.

సగం_నవల | జూన్ 20, సాయంత్రం 5.30

చిక్కడపల్లి తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే వెళ్ళాను. రెండు రోజులు.

మొదటి రోజు 10 గంటలకు వెళ్తే సీటు లేదు. రెండో రోజు తెల్లారకముందే లేచి వంట చేసి, ఆయనకు పిల్లల బాధ్యత అప్పజెప్పి, 8కి అక్కడున్నాను. సీటు దొరికింది. ల్యాప్‌టాప్ తీసి నాలుగు లైన్లు కొట్టానో లేదో పక్కబ్బాయి "మేడమ్, సౌండ్" అన్నాడు. చుట్టూ చూశాను. అంతమందిలో చప్పుడు చేస్తున్నది నేనొక్కదాన్నే. మూసేసి నోట్‌బుక్ తీశాను.

చేత్తో రాసి ఎన్నాళ్ళయిందో. మూడో పేజీకి వేళ్ళు లాగేశాయి గానీ పంతులుగారు జీలకర్ర బెల్లం పెట్టించేశారు! ఆర్నెల్ల పెళ్ళి రెండు గంటల్లో అయిపోయింది.

ఒంటిగంటకు డబ్బా తినడానికి బయటికొస్తే ఆ అబ్బాయే వచ్చి మర్యాదగా అడిగాడు, "ఏ నోటిఫికేషన్‌కు మేడమ్?" అని. నవల రాస్తున్నానన్నాను. కాసేపు ఆలోచించి, "అది ఏ పేపర్లో వస్తది?" అన్నాడు.

మంచి చోటే. కానీ రోజూ 8కి చేరడం నాకు కుదరదు. పైగా ఉద్యోగం కోసం చదువుకునే పిల్లల సీటు ఆక్రమించినట్టు ఒకటే బెరుకు.

చిక్కడపల్లి_సీనియర్ | జూన్ 20, 6.00

బెరుకు వద్దక్కా. మీరు కట్టే ఇంటి పన్నుల రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సే. మీ సీటు మీదే. గా పోరనికి నవల అచ్చయినంక ఒక కాపీ ఇయ్యి.

నోటితో_రాసేవాడు | జూన్ 20, 8.15

నేను టైపు చేయను, కాగితం వాడను. ఫోనుకు తెలుగులో చెప్తే అదే రాసుకుంటుంది. కాబట్టి నాకు నిశ్శబ్దం అక్కర్లేదు, నేను మాట్లాడితే ఎవరూ పట్టించుకోని చోటు కావాలి. పొద్దున్నే కేబీఆర్ పార్కులో ఒక చుట్టు తిరిగితే ఒక సన్నివేశం అయిపోతుంది. చెవిలో ఇయర్‌ఫోన్, అందరూ ఆఫీసు కాల్ అనుకుంటారు.

ఒక్కటే ప్రమాదం. మొన్న ప్రేమకథ క్లైమాక్సులో "నువ్వు లేకపోతే నేను బతకలేను కాంచనా" అని బాగా లీనమై చెప్తున్నాను. వెనకాల నడుస్తున్నావిడ మా ఆవిడ స్నేహితురాలు. మా ఆవిడ పేరు కాంచన కాదు.

వంటింటి_కిటికీ | జూన్ 20, 8.40

మగవాళ్ళకు పార్కులు బాగానే ఉంటాయి. నేను ఒక మధ్యాహ్నం మా కాలనీ పార్కు బెంచీ మీద నోట్‌బుక్ పెట్టుకుని కూర్చుంటే గంటలో ముగ్గురు పలకరించారు. వాచ్‌మన్ ఎవరికోసం చూస్తున్నారమ్మా అన్నాడు. ఒక పెద్దాయన ఇంట్లో ఏమైనా గొడవా అమ్మా అని, పాపం నిజంగానే జాలిగా అడిగారు. మూడోవాడి మాట ఇక్కడ రాయను. రచయిత్రి గారు మొదటి పోస్టులో "వింతగా చూడకూడదు" అన్నది బాత్రూమ్ తర్వాత రాశారు గానీ నేనైతే మొట్టమొదట రాసేదాన్ని.

గట్టుమీద | జూన్ 21, ఉదయం 6.50

విజయవాడ నుంచి. నాకు రైలే గ్రంథాలయం. పొద్దున్నే రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖ. అదే బండి మళ్ళీ వెనక్కి వస్తుంది. నెలకోసారి సెలవు పెట్టి వెళ్ళొస్తాను, విశాఖలో పనేమీ ఉండదు. వెళ్ళేటప్పుడు కిటికీ, వచ్చేటప్పుడు నడవా పక్క సీటు. రాజమండ్రి వంతెన మీద మాత్రం కలం మూసేస్తాను. గోదావరి చూడకుండా రాసుకునే వాక్యం ఎంత గొప్పదైనా నాకొద్దు.

ఊళ్ళో ఉంటే రామ్మోహన గ్రంథాలయం, 1911లో పెట్టింది. ఇక ఎవరైనా చీరాల వైపు వెళ్తే వేటపాలెం సారస్వత నికేతనం తప్పక చూడండి. 1918లో మొదలైంది, భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. నేను ఒక పగలంతా అక్కడ పాత పేపర్లు తిరగేశాను. ఒక్క ముక్కా రాయలేదు. మూడు కథలు తెచ్చుకున్నాను.

సీమ_చింతచెట్టు | జూన్ 21, 10.20

ఏం సామీ అందరూ కోస్తా, హైదరాబాదేనా? మా పక్కకు రాండి. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో 1919లో ఠాగూరు దిగినాడు. జనగణమనను ఇంగ్లీషులోకి రాసుకునింది ఆడే. కడపలో బ్రౌన్ దొర బంగళా కొని, పండితులను పెట్టుకొని తాటాకు పుస్తకాలకు సాపు ప్రతులు రాయించినాడు. ఇప్పుడు ఆ తావులోనే ఆయన పేరుతో గ్రంథాలయం ఉండాది, ఎర్రముక్కపల్లెలో. నేను కొన్నాళ్ళు ఆడికి పోయి రాసుకున్యా. బయట ఎండ నిప్పులు కురుస్తాంటే లోపల కూకోని వాన మీద కథ రాసినా.

పంపుసెట్టు | జూన్ 21, 1.10

దూరం వెళ్ళాలంటే అరుణాచలం ఉండనే ఉంది. చలంగారు 1950లో విజయవాడ వదిలి అక్కడికే వెళ్ళిపోయారు.

వంటింటి_కిటికీ | జూన్ 21, 1.20

ఆవిడకు 3 గంటలకు స్కూల్ బస్సు వస్తుందండీ. అరుణాచలం ఎక్కడ వెళ్తారు.

రాత్రిడ్యూటీ | జూన్ 22, రాత్రి 1.30

స్టడీ హాళ్ళు ఎవరూ చెప్పలేదేం? అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట ఎక్కడ చూసినా ఉన్నాయి. చెక్క అరలు, ఒక్కో దానికి లైటు, ప్లగ్గు, తాళం వేసుకునే సొరుగు. నేను నెలకు 1200 కట్టాను. టైపింగ్ వద్దంటారు, అది నిజమే. ఇంకో ఇబ్బంది, ముక్కుకు ఎదురుగా చెక్క. నాకు తల ఎత్తితే ఏదో ఒకటి కనబడాలి, కాకి అయినా సరే. రెండు నెలలు రాసి మానేశాను. ఆ రెండు నెలల కథల్లో ఎక్కడా కిటికీ లేదని తర్వాత గమనించాను.

సగం_నవల | జూలై 4, మధ్యాహ్నం 12.15

అప్‌డేట్. కాఫీ షాపు ప్రయత్నించాను, పేరు చెప్పను. కాఫీ 220. గంటన్నరలో నా బల్ల మూడుసార్లు తుడిచారు, దాని మీద ఏమీ ఒలకలేదు. రెండో కాఫీ చెప్పాను. నాలుగు రోజులు ఇలా చేస్తే నెల బడ్జెట్టు హుష్. ఇరానీ హోటళ్ళలో ఒక్క చాయ్‌తో గంటలు కూర్చునేవాళ్ళమని మా మామగారు చెప్పేవారు. ఇప్పుడు చాయ్ అయిపోగానే కప్పు తీసేస్తున్నారు, నిలబడ్డవాళ్ళు మన కుర్చీ వంకే చూస్తుంటారు.

లామకాన్‌కు ఒకరోజు వెళ్ళాను, ఎవరైనా వచ్చి కూర్చోగల సాంస్కృతిక కేంద్రం. చెట్టు, రాతి గచ్చు, సమోసా, ఎవరూ లేపరు. నాకు తెగ నచ్చింది. కానీ కూకట్‌పల్లి నుంచి బంజారాహిల్స్ లోపలికి రానూపోనూ రెండున్నర గంటలు. ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం, జీరో టికెట్, కాబట్టి డబ్బు ఖర్చు లేదు, కాలం ఖర్చు. బస్సులో రాద్దామని చూశాను. నిలబడి ఎలా రాస్తాం?

ఒకటి మాత్రం అర్థమైంది. నాకు కావాల్సింది గొప్ప చోటు కాదు, పది నిమిషాల్లో చేరే చోటు.

కారులో_కవి | జూలై 4, 6.20

మీ వీధిలోనే పగటిపూట ఖాళీగా ఉండే గదులు ఏమున్నాయో చూడండి. ఫంక్షన్ హాలు, అసోసియేషన్ ఆఫీసు, డాన్సు క్లాసు. సాయంత్రం నడిచేవన్నీ పొద్దున ఖాళీయే కదా.

సగం_నవల | జూలై 27, ఉదయం 11.05

కారులో కవి గారూ, మీ నోట్లో పంచదార పొయ్యాలి!

బాబు ట్యూషన్ ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు మీ మాట గుర్తొచ్చింది. మా వెనక సందులో కిరాణా కొట్టు పైన లెక్కల సారు ట్యూషన్ సెంటర్. సాయంత్రం 5 నుంచి 9. మిగతా రోజంతా తాళం. వాళ్ళిల్లు కిందే, సారు భార్య ఇంట్లోనే ఉంటారు. అడగడానికి నోరు రాలేదు, మెట్లు దిగి మళ్ళీ ఎక్కి అడిగేశాను. అద్దె వద్దన్నారు. శనివారం సాయంత్రం గంటసేపు పదో తరగతి వాళ్ళకు సంధులు, సమాసాలు చెప్పమన్నారు. నేను పెళ్ళికి ముందు తెలుగు టీచర్నే.

మూడు వారాలుగా ఇక్కడే. పొడవాటి బెంచీలు, కాళ్ళు ఆనించుకోవడానికి ముందు బెంచీ కమ్మీ. రెండు ఫ్యాన్లలో ఒకటి తిరుగుతుంది. కిటికీ లోంచి కొట్టు ముందు అరటిగెలలు కనిపిస్తాయి, రోజు గడిచేకొద్దీ గెల సన్నబడుతుంది, అదే నా గడియారం. బెంచీ మీద ఎవడో కంపాసుతో "సైన్ స్క్వేర్ ప్లస్ కాస్ స్క్వేర్ ఈక్వల్స్ నా చావు" అని చెక్కాడు. అన్నిటికంటే ఇష్టమైంది నల్లబల్ల. గోడంత నల్లబల్ల! అధ్యాయాలన్నీ సుద్దముక్కతో వరసగా రాసి, దూరంగా నిలబడి చూసుకుంటున్నాను. ఇంట్లో సెల్‌ఫోన్ తెరంత జాగాలో ఇరుక్కుపోయిన నవల ఇక్కడ కాళ్ళు చాపుకుంది. పదమూడో అధ్యాయంలో ఉన్నాను.

మా అత్తగారు రోజూ టిఫిన్ డబ్బాలో రెండు మురుకులు పెడుతున్నారు, "ఆఫీసు"కు వెళ్తున్నాను కదా అని.

చిక్కడపల్లి_సీనియర్ | జూలై 27, 11.30

మస్తు ముచ్చటక్కా!

సగం_నవల | ఆగస్టు 9, రాత్రి 9.45

ఒక ఘోరం జరిగింది, ఎవరికైనా చెప్పకపోతే నిద్రపట్టదు.

మొన్న మధ్యాహ్నం వాన మొదలైంది. డాబా మీద బట్టలు గుర్తొచ్చి నల్లబల్ల తుడవకుండా పరుగెత్తాను. సాయంత్రం ఎనిమిదో తరగతి పిల్లలొచ్చారు. సారు రావడం పావుగంట ఆలస్యం. బల్ల మీద నా దస్తూరీలో ఇలా ఉంది:

"అత్తను 14లో చంపాలా, 16లోనా? విషం వద్దు, పాతబడింది. మెట్ల మీంచి? ఎవరికీ అనుమానం రాకూడదు."

శనివారం చెప్పే తెలుగు టీచర్ రాసింది కదా, బల్ల మీద ఉంది కదా అని ఆ పిల్లలు బుద్ధిగా నోట్సులో ఎక్కించుకున్నారు. ఒకమ్మాయి పైన ఎర్రసిరాతో "ముఖ్యం" అని రాసి గీత కూడా గీసింది. ఆ రాత్రి వాళ్ళమ్మ నోట్సు చూసింది. ఆవిడ మా అపార్ట్‌మెంటే. మూడో ఫ్లోర్. నిన్న పొద్దున్నే మా అత్తగారికి ఫోన్ చేసి, "పిన్నిగారూ, మీరు కొన్నాళ్ళు మెట్లు వాడకండి, లిఫ్టులోనే తిరగండి" అని చెప్పిందిట.

వంటింటి_కిటికీ | ఆగస్టు 9, 9.52

అయ్యో! అత్తగారు ఏమన్నారు?

సగం_నవల | ఆగస్టు 9, 10.04

మొదట మాట్లాడలేదు. తర్వాత నవల మొత్తం చదివి వినిపించమన్నారు. నిన్న సాయంత్రం సీరియల్ కట్టేసి మూడు అధ్యాయాలు విన్నారు. ఇవాళ ఇంకో ఏడు. పెళ్ళి భోజనాల్లో పులిహోర వెయ్యలేదని తప్పు పట్టారు, అది నిజంగానే మర్చిపోయాను. టీవీ కట్టేసింది కాబట్టి హాలు నిశ్శబ్దంగానే ఉంది ఈ రెండ్రోజులు. అయినా రేపు 9.30కి సుద్దముక్కల డబ్బా తీసుకుని వెళ్తున్నాను.

రిటైర్డ్_గుమాస్తా | ఆగస్టు 9, 10.20

మా ఆవిడ పక్కనే కూర్చుని అడుగుతోంది. ఇంతకీ అత్తను చంపేశారా?

సగం_నవల | ఆగస్టు 9, 10.31

లేదండీ. పద్నాలుగులో కాశీకి పంపేశాను. పదహారులో తిరిగొస్తుంది.